వేరుపడటం వేరు, పంచుకోవడం వేరు

ఆగస్టు వస్తే మన పత్రికలు 'దేశ విభజన' గురించి రాస్తాయి. జూన్ 2 వస్తే 'రాష్ట్ర విభజన' గురించి రాస్తాయి. మిగిలిన ఏడాది పొడుగునా, కాశ్మీరు వార్త వచ్చినా నాగాలాండ్ వార్త వచ్చినా, 'వేర్పాటువాదం' అనే మాట సిద్ధంగా ఉంటుంది. మొదటి మాటలో విషాదం ధ్వనిస్తుంది. రెండో మాటలో నేరం ధ్వనిస్తుంది. రెంటికీ అర్థం విడిపోవడమే కదా అనుకుని, సందర్భాన్ని బట్టి, కొన్నిసార్లు కోపాన్ని బట్టి, ఒకదాని స్థానంలో మరొకటి వాడేస్తుంటాం.

నిజానికి ఇవి రెండు వేర్వేరు పనులకు పేర్లు. ఈ ఉపఖండపు ఇరవయ్యో శతాబ్ది రాజకీయంలో పెద్ద భాగం ఈ రెండు మాటల మధ్య నడిచిన వ్యాజ్యమే. ఏది వేర్పాటు, ఏది విభజన అన్నది నిఘంటువు తేల్చలేదు. పేరు ఎవరికి మిగలాలి, ఖజానాలో వాటా ఎవరికి దక్కాలి, తప్పు ఎవరి నెత్తిన పడాలి అన్న లెక్కలే తేల్చాయి.

ఇంటి భాషలో ఉన్న తేడా

'విభజన'లో భాగం ఉంది. విభాగం, విభక్తం, అవిభక్తం అన్నీ ఆ కుదురువే. ఒక మొత్తం ఉండాలి, దాన్ని భాగాలు చేయాలి, ప్రతి భాగానికీ ఒక హక్కుదారు ఉండాలి. 'వేర్పాటు'లో ఉన్నది వేరు కావడం. అక్కడ మొత్తం మీద దృష్టి లేదు. వెళ్లిపోయేవాడి మీద ఉంది. విభజనకు కర్తలు ఇద్దరైనా ఉండాలి, చాలాసార్లు కొలిచి ఇచ్చే మూడోవాడు కూడా ఉండాలి. వేర్పాటుకు ఒక్కడు చాలు.

ఈ తేడా మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. కొడుకు వేరు కుంపటి పెట్టుకున్నాడంటే ఆ రోజే పొలం పంచుకున్నారని అర్థం కాదు. కుంపటి వేరు కావడానికి ఒక మాట పట్టింపు, ఒక రాత్రి చాలు. పంపకాలకు పెద్దమనుషులు రావాలి, గట్లు కొలవాలి, బావి నీళ్లకు వంతులు వేయాలి, అప్పులు ఎవరి మీద ఎంతో రాసుకోవాలి. మితాక్షర సంప్రదాయాన్ని అనుసరించిన హిందూ న్యాయం కూడా ఈ రెంటినీ విడిగానే చూసింది. ఉమ్మడి కుటుంబంలోని ఒక సభ్యుడు తాను వేరుపడుతున్నానని స్పష్టంగా ప్రకటిస్తే చాలు, అతని మట్టుకు ఉమ్మడి స్థితి తెగిపోతుందని 1916లో గిర్జాబాయి కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఆస్తిని హద్దులతో కొలిచి పంచడం తరువాత జరిగే వేరే పని. గమనించవలసిన విషయం మరొకటి ఉంది. వేరుపడినంత మాత్రాన వాటా పోదు. 'నువ్వే వెళ్లిపోయావు కనుక నీకేమీ లేదు' అనడానికి ఆ న్యాయంలో చోటు లేదు.

రాజ్యాల చరిత్రలో సరిగ్గా ఈ ముడినే విప్పేశారు. వెళ్లిపోయేవాడు వేర్పాటుదారు, ఉండిపోయినవాడు అసలు వారసుడు అనే సూత్రం అక్కడ పనిచేసింది.

కోరింది వేర్పాటు, దక్కింది విభజన

1947కు పదేళ్ల ముందే బ్రిటిష్ ఇండియా నుంచి ఒక పెద్ద భూభాగం వెళ్లిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937 ఏప్రిల్ 1న బర్మా వేరైంది. దాన్ని ఎవరూ దేశ విభజన అనలేదు, ఇప్పటికీ అనరు. అప్పటి బర్మా రాజకీయాల్లో వేర్పాటు అనుకూలురు, వేర్పాటు వ్యతిరేకులు అనే రెండు పక్షాలు ఆ పేర్లతోనే పోటీ పడ్డాయి. 1932 ఎన్నికల్లో వ్యతిరేకులే గెలిచినా బర్మాను వేరు చేయడం ఆగలేదు. పాతకాలపు పాలనా సరిహద్దు ఒకటి అంతర్జాతీయ సరిహద్దుగా మారింది. ఊళ్ల మధ్య కొత్త గీత పడలేదు. కనుక 'విభజన' అనే మాట అవసరం లేకపోయింది. అయినా గాయం లేకపోలేదు. రంగూన్ రేవులో మూటలు మోసిన మన కోస్తా తెలుగువారు, అక్కడి వాడుకలో 'కోరంగీలు', స్వదేశంలోని ఒక రాష్ట్రానికి పనికోసం వెళ్లినవారు కాస్తా పరదేశంలోని కూలీలయ్యారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అనే పేరులో ఆ కథ మిగిలి ఉంది.

1947 సంగతి ఇంతకంటే చిక్కుముడి. 1940 మార్చిలో ముస్లిం లీగ్ ఆమోదించిన లాహోర్ తీర్మానంలో 'పాకిస్తాన్' అనే పేరు లేదు. వాయవ్య, తూర్పు ప్రాంతాల్లో ముస్లింలు అధికంగా ఉన్నచోట్ల స్వతంత్ర రాజ్యాలు ఏర్పడాలన్నదే దాని సారం. అంటే లీగ్ కోరింది వేర్పాటు. పంజాబు మొత్తం, బెంగాలు మొత్తం తమతో రావాలన్నది జిన్నా లెక్క.

దానికి ఎదురుగా విభజనను ముందుకు తెచ్చినవారు ఎవరు? 1947 మార్చి 8న కాంగ్రెస్ కార్యవర్గం పంజాబును విభజించాలని తీర్మానించింది. బెంగాలును విభజించాలని హిందూ మహాసభ, ఆ తరువాత బెంగాలు కాంగ్రెస్ గట్టిగా పట్టుబట్టాయి. దేశం నుంచి మీరు వేరుపడే హక్కు అడిగితే, మీ నుంచి మా జిల్లాలు వేరుపడే హక్కు మేమూ అడుగుతాం అన్నది వాదన. జిన్నాకు ఈ వాదన మింగుడుపడలేదు. చెదలు తిన్న పాకిస్తాన్ తనకు అక్కరలేదని ఆయన పదేపదే అన్నది రాష్ట్రాలను కోయడం గురించే. చివరికి ఆయనకు అదే దక్కింది.

1947 జూన్ 20న బెంగాలు శాసనసభలో జరిగిన ఓటింగు ఈ వైరుధ్యాన్ని అంకెల్లో చూపిస్తుంది. రాష్ట్రం ఒకటిగా ఉండేటట్లయితే కొత్త రాజ్యాంగ సభలో, అంటే పాకిస్తాన్‌లో, చేరాలని ఉమ్మడి సమావేశం 126–90 ఓట్లతో తేల్చింది. తరువాత తూర్పు, పడమర జిల్లాల సభ్యులు విడివిడిగా కూర్చున్నారు. తూర్పువారు రాష్ట్ర విభజనను 106–35 తేడాతో వ్యతిరేకించారు. పడమటివారు 58–21 తేడాతో విభజన కావాలన్నారు. ఏ ఒక్క భాగం కోరినా విభజన జరగాలన్నది జూన్ 3 ప్రణాళికలోని నిబంధన. దేశం నుంచి వేర్పాటు కోరిన పక్షం రాష్ట్రంలో సమైక్యత కోరింది. దేశ సమైక్యత కోరిన పక్షం రాష్ట్రంలో విభజన కోరింది. కనుక 'విభజన కోరినవారు', 'సమైక్యత కోరినవారు' అని రెండు గదులు చేసి 1947 పాత్రధారులను అందులో కూర్చోబెట్టే చరిత్ర సగం చరిత్రే.

అంబేడ్కర్ ఈ రెండో మాట బరువును ముందే గుర్తించినట్టు కనిపిస్తుంది. 1940లో 'పాకిస్తాన్‌పై ఆలోచనలు' అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడిన ఆయన గ్రంథం, తరువాతి ముద్రణలో 'పాకిస్తాన్ లేదా భారత విభజన' అన్న పేరు తీసుకుంది.

ఇంట్లో విభజన, వీధిలో వేర్పాటు

ఇక 1947 ఆగస్టు తరువాత జరిగింది అసలు విశేషం. ఒకే సంఘటనకు ఇంట్లో ఒక పేరు, వీధిలో ఒక పేరు పెట్టారు.

ఇంట్లో అది విభజన. విభజన మండలి ఏర్పడింది. ఇటు హెచ్.ఎం. పటేల్, అటు చౌధురి మహమ్మద్ అలీ అనే ఇద్దరు అధికారుల సంచాలక సంఘం కింద సైన్యం, రైళ్లు, అప్పులు, ఆఫీసు బల్లల దాకా లెక్క కట్టారు. చేతిలో ఉన్న నగదులో పాకిస్తాన్ వాటా 75 కోట్ల రూపాయలని తేలింది. 20 కోట్లు ముందే ఇచ్చారు. కాశ్మీరు యుద్ధం నడుస్తుండగా మిగిలిన 55 కోట్లు ఇవ్వడానికి భారత ప్రభుత్వం వెనుకాడింది. గాంధీ నిరాహారదీక్ష మొదలైన రెండు రోజులకు, 1948 జనవరి 15న, ఇవ్వాలని నిర్ణయించింది. ఆ 55 కోట్ల మీద నేటికీ ఆగని వాగ్వాదం కూడా మాట గురించే. పాకిస్తాన్‌ను వేర్పాటుదారుగా చూసేవారికి అది దానం, లేదా ద్రోహం. విభజన ఒప్పందంలోని భాగస్వామిగా చూసినవారికి అది పంపకాల కాగితం మీద రాసుకున్న బాకీ.

వీధిలో, అంటే ప్రపంచ వేదిక మీద, అది వేర్పాటు. బ్రిటిష్ ఇండియా 1945లోనే ఐక్యరాజ్యసమితి వ్యవస్థాపక సభ్యదేశం. రెండు డొమినియన్లు ఏర్పడినప్పుడు ఆ సభ్యత్వం ఎవరిది? ఉన్న రాజ్యం నుంచి ఒక భాగం విడివడి కొత్త రాజ్యమవుతున్నదని, మిగిలిన భాగం పాత హక్కులతో, పాత బాధ్యతలతో కొనసాగుతుందని ఐరాస సచివాలయం 1947 ఆగస్టులో న్యాయాభిప్రాయం ఇచ్చింది. నెదర్లాండ్స్ నుంచి బెల్జియం, బ్రిటన్ నుంచి ఐర్లండ్ విడిపోవడాన్ని పోలికగా చూపింది. అంతర్జాతీయ సంస్థల సభ్యత్వం భారత్‌కే చెందుతుందని రెండు డొమినియన్ల మధ్య కుదిరిన ఏర్పాటు కూడా అదే చెప్పింది. పాకిస్తాన్ కొత్త సభ్యదేశంగా దరఖాస్తు పెట్టుకుని 1947 సెప్టెంబరు 30న చేరింది.

ఇందువల్ల మన దేశానికి దక్కినది చిన్న విషయం కాదు. పేరు దక్కింది, కుర్చీ దక్కింది, ఢిల్లీ దక్కింది, చరిత్ర కొనసాగింపు దక్కింది. 'ఇండియా' అనే పేరును ఒక భాగమే ఉంచుకోవడం జిన్నాకు నచ్చలేదంటే కారణం ఇదే. రెండూ కొత్త దేశాలైతే అది విభజన. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే అది వేర్పాటు.

అధికసంఖ్యాకుల వేర్పాటు

పాతికేళ్లు తిరగకుండానే ఇదే న్యాయం పాకిస్తాన్‌కు తిరిగి వచ్చింది, ఈసారి తలకిందులుగా. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిచింది. దేశం మొత్తానికే అది మెజారిటీ. జనాభాలో కూడా తూర్పుదే అధికభాగం. అధికారం అప్పగించకుండా 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని ప్రయోగించారు. ఆ తరువాత దేశం రెండయింది.

దీన్ని ఏమనాలి? పాకిస్తాన్ పాలకుల భాషలో అది వేర్పాటు, దేశాన్ని ముక్కలు చేయడం. అక్కడి వాడుకలో 'సుకూత్-ఎ-ఢాకా', ఢాకా పతనం. బంగ్లాదేశ్ భాషలో అది ముక్తియుద్ధం. భారతదేశంలో విమోచన. 'విభజన' అనే మాట ముగ్గురిలో ఎవరూ ఎంచుకోలేదు. మెజారిటీ ప్రజలు మైనారిటీ నుంచి వేరుపడటం ఎలా సాధ్యమన్న ప్రశ్న మిగిలిపోయింది. ఇంట్లో ఎక్కువమంది బయటికి నడిచినా, ఇంటిపేరు మాత్రం ఉండిపోయిన కొద్దిమందిదే అయింది.

మాట మారినందుకు పర్యవసానాలూ ఉన్నాయి. పంపకాల మండలి ఏదీ కూర్చోలేదు. 1974 జూన్‌లో భుట్టో ఢాకా వచ్చినప్పుడు ముజీబ్ ఉమ్మడి ఆస్తుల్లో వాటా అడిగితే ఫలితం లేకపోయింది. ఐరాసలో పాకిస్తాన్ సభ్యత్వం చెక్కుచెదరలేదు. 1972లో చైనా వీటో వల్ల ఆగిపోయిన బంగ్లాదేశ్ 1974 సెప్టెంబరులో గాని చేరలేకపోయింది. విభజన అన్న మాట లేనిచోట వాటా అన్న మాటకు నిలువ నీడ లేకుండా పోయింది.

మన రెండు రాష్ట్రాల కథ

దేశాల మధ్య ఇంత భయం పుట్టించే వేర్పాటు అనే భావనకు మన రాజ్యాంగంలో గౌరవప్రదమైన స్థానం ఉందంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. అధికరణ 3 ప్రకారం ఒక రాష్ట్రం నుంచి భూభాగాన్ని వేరు చేసి కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకు ఉంది. ఆ అధికరణలో అక్షరాలా ఉన్నది వేరు చేయడం అన్న పదమే. కనుక రాష్ట్రం నుంచి వేరుపడాలని అడగడం రాజ్యాంగబద్ధమైన కోరిక. దేశం నుంచి వేరుపడాలని అడగడం 1963 నాటి పదహారో సవరణ తరువాత శాసనకర్తల ప్రమాణానికి విరుద్ధం, 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం తరువాత శిక్షార్హం. ఈ రెంటికీ ఒకే మాట వాడటంలో ఉన్న ప్రమాదాన్ని తెలుగు నేల స్వయంగా చూసింది.

1953లో మద్రాసు నుంచి వేరుపడింది మనం. 1949 నాటి జె.వి.పి. నివేదిక ముందే షరతు పెట్టింది: మద్రాసు నగరాన్ని వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక, నాలుగు రోజులకు నెహ్రూ చేసిన ప్రకటన కూడా మద్రాసు లేని, వివాదం లేని తెలుగు జిల్లాల గురించే. వెళ్లిపోయేవాడికి ఇల్లు రాదన్న సూత్రం అక్కడ పనిచేసింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో గుడారాల మధ్య కొత్త ప్రభుత్వం మొదలైంది.

ఆ తరువాత ఇరవయ్యేళ్లలో రెండు ప్రాంతాలూ వంతులవారీగా 'వేర్పాటువాదులు' అనిపించుకున్నాయి. 1969లో తెలంగాణ ఆ నిందను మోసింది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 'జై ఆంధ్ర' అన్న కోస్తా, రాయలసీమలు మోశాయి. మలిదశ తెలంగాణ ఉద్యమంలో మళ్లీ ఆ మాట ఒకవైపుకే అంటుకుంది. ఉద్యమకారులు 'ప్రత్యేక రాష్ట్రం', 'స్వపరిపాలన' అన్నారు. ప్రత్యర్థులు 'వేర్పాటువాదం' అన్నారు. కాశ్మీరుకు వాడే మాటను కరీంనగర్‌కు వాడటం పొరపాటున జరిగిన పని కాదు. ఆ మాట పడగానే కోరికను చర్చించే అవసరం తప్పిపోతుంది, కోరినవారి దేశభక్తిని ప్రశ్నిస్తే సరిపోతుంది.

2014 చట్టం పాఠాన్ని జాగ్రత్తగా చదివితే ఈ రెండు భావనలూ అందులో పక్కపక్కనే కూర్చుని కనిపిస్తాయి. మూడో సెక్షన్ ఫలానా జిల్లాలతో తెలంగాణ ఏర్పడుతుందంటుంది. నాలుగో సెక్షన్ అవి పోగా మిగిలిందే ఆంధ్రప్రదేశ్ అంటుంది. ఇది వేర్పాటు భాష. ఒకటి కొత్త రాష్ట్రం, ఒకటి కొనసాగే రాష్ట్రం. నిర్వచనాల దగ్గర మాత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉమ్మడి రాష్ట్రానికి వారసత్వ రాష్ట్రాలే. ఇది విభజన భాష. 58.32, 41.68 శాతాల జనాభా నిష్పత్తి అందుకే వచ్చింది. చిత్రమేమిటంటే, ఇక్కడ కొత్త రాష్ట్రానికి ఇల్లు దక్కింది, పాత రాష్ట్రానికి పేరు దక్కింది. 1953లో వేరుపడి మద్రాసును పోగొట్టుకున్నవారు, 2014లో వేరుపడకుండానే హైదరాబాద్‌ను పోగొట్టుకున్నారు. జూన్ 2ను ఒకవైపు అవతరణ దినంగా జరుపుకుంటే, మరోవైపు కొన్నేళ్లపాటు నవనిర్మాణ దీక్షగా పాటించారు. ఒకే తేదీన ఒకరు పుట్టారు, మరొకరు నష్టపోయారు.

పదో షెడ్యూలు సంస్థల తగాదా కూడా ఈ రెండు మాటల తగాదాయే. ఉన్నత విద్యామండలి హైదరాబాద్‌లో ఉంది కనుక దాని ఆస్తులు తెలంగాణవే అని ఉమ్మడి హైకోర్టు అంటే, 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఆస్తులు రెండు వారసత్వ రాష్ట్రాల మధ్య పంచవలసినవేనంది. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరింది గాని, పంపకాలు తీరలేదు. 'విడిపోయాం కదా, ఇంకా ఏమిటి' అనేవారు వేర్పాటు భాష మాట్లాడుతున్నారు. 'మా వాటా తేల్చండి' అనేవారు విభజన భాష మాట్లాడుతున్నారు. అందుకే ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు.

వాటా అడిగినవాడు వెళ్లిపోతానన్నట్టా?

పాత కథలు ఇప్పుడెందుకంటే, ఈ మాటల తారుమారు ఇవాళ మరో రూపంలో జరుగుతున్నది. పదిహేనో ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల పంపకంలో కర్ణాటక వాటాను 4.713 శాతం నుంచి 3.647 శాతానికి తగ్గించింది. తెలంగాణది 2.437 నుంచి 2.102కు, ఆంధ్రప్రదేశ్‌ది 4.305 నుంచి 4.047కు తగ్గాయి. లోక్‌సభ స్థానాల పునర్విభజనలో తమ బలం తగ్గుతుందన్న భయం దక్షిణాది అంతటా ఉంది. ఇవి రెండూ వాటా ప్రశ్నలు. ఉమ్మడిలో ఉంటూనే లెక్క అడగడం. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ఎంపీ ఒకరు, ఇలాగైతే ప్రత్యేక దేశం అడగవలసి వస్తుందన్నారు. ఆ ఒక్క మాటతో చర్చ పన్నుల నుంచి దేశ సమగ్రతకు మళ్లింది. శాతాల సంగతి పక్కకుపోయింది. వాటా అడగవలసిన నోటితో వేర్పాటు మాట్లాడటం ఎంత నష్టమో, వాటా అడిగిన ప్రతివాడికీ వేర్పాటు ముద్ర వేయడం అంతకంటే నష్టం. రెండోది చేసేవారికి ఇప్పుడు చట్టం చేతిలో ఉంది: భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ వేర్పాటు కార్యకలాపాల 'భావాలను' ప్రోత్సహించడాన్ని కూడా నేరం చేసింది. భావం ఎక్కడ మొదలవుతుందో, ఫిర్యాదు ఎక్కడ ముగుస్తుందో గీత గీసేది ఎవరు?

కనుక ఈ రెండు మాటల్లో ఏది వినిపించినా మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఎవరైనా నిజంగా వెళ్లిపోతామంటున్నారా, లేక ఉమ్మడిలో తమ భాగం అడుగుతున్నారా? పేరు, ఇల్లు, ఖజానా ఎవరి చేతిలో ఉన్నాయి? కొలిచేవాడు ఎవరు, అతన్ని ఎవరు నియమించారు?

ఉమ్మడి కుటుంబాలు నిలిచిన చోట్ల వాటా అడగడాన్ని ఎవరూ ద్రోహమనలేదు. లెక్క చెప్పడానికి పెద్దవాడు నిరాకరించిన ఇళ్లలోనే వేరు కుంపట్లు వెలిగాయి. 1971 మార్చిలో ఢాకా అడిగింది తాను గెలిచిన అధికారం. దాన్ని వేర్పాటు అని పిలిచి సైన్యాన్ని పంపాకే అది నిజంగా వేర్పాటు అయింది.